నొప్పేటీ నేదు డాట్రమ్మా

నవంబరు 4, 2024, సోమవారం

కార్తీక సోమవారం. పలాసలో సగం ఊరు ఉపవాసం. పదకొండు గంటలకి నా పళ్ళ క్లినిక్ కుర్చీలో కూర్చున్నావిడకి ఉన్నట్టుండి చెమటలు పట్టాయి, వేళ్ళు వణికాయి. చూస్తే షుగర్ 58. పొద్దున్న మాత్ర వేసుకుంది, మంచినీళ్ళు తప్ప కడుపులోకి ఏమీ పోలేదు. గ్లూకోజు కలిపి తాగించి, పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే 96. తేరుకోగానే నామీదే నిష్ఠూరం. "సుక్క కనపడీదాకా తినకూడదు కదమ్మా, తాగించీసినావు."

వ్రతం మానమని చెప్పడం నావల్ల కాదు. ఉపవాసం రోజు మాత్ర ఎలా వేసుకోవాలో షుగర్ డాక్టరుని అడగమని చీటీ రాసిచ్చాను. కార్తీకం వెళ్ళేదాకా షుగర్ ఉన్నవాళ్ళకి సోమవారం అపాయింట్‌మెంట్ ఇవ్వొద్దని రిసెప్షన్ అమ్మాయికి చెప్పాను. మామూలు రోజుల్లో కూడా వాళ్ళని టిఫినూ మందూ అయ్యాక, పొద్దుటిపూటే రమ్మనాలి.

ఆవిడ వచ్చింది చిగుళ్ళ నెత్తురు గురించి. ఏడాదిగా ఉందట. వేడి చేసిందని సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ. మా వైపు నెత్తురు ఎక్కడ కనబడినా మొదటి ముద్దాయి వేడే. పంటి మొదట్లో పాచి నిలవుండి చిగురు వాచిందంటే, రోజూ తోముకుంటూనే ఉన్నాం కదా అంటారు.

నవంబరు 7, గురువారం

ఇవాళ వచ్చినావిడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. జీడి నూనెకి వేళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి. నలభై ఆరేళ్ళు, షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. కూతురి పెళ్ళి ఆల్బమ్ చూసుకుని వచ్చిందట. "పొటోల్లో సూసుకున్నాను, నా పళ్ళేటి ఇలగైపోనాయి అనుకున్నాను." ముందు పళ్ళు రెండూ విడిపోయి బయటికి వచ్చేశాయి. ఎముక కరిగిపోతే పన్ను ఉన్నచోట ఉండదు, నాలుక తోసినవైపు జరుగుతుంది. అంతదాకా వచ్చినా ఆవిడ మాట ఒకటే: "నొప్పేటీ నేదు డాట్రమ్మా."

ఈ చిగుళ్ళ జబ్బు బలమంతా ఆ మాటలోనే ఉంది. పిప్పి పన్నయితే రాత్రి నిద్ర పట్టనివ్వదు, తెల్లారేసరికి మనిషిని తెచ్చి గుమ్మంలో నిలబెడుతుంది. చిగురు అలా కాదు. నెత్తురు, వాసన, కొద్దిగా దురద, అంతే. పన్ను ఊగేదాకా ఎవరూ రారు.

గీతలున్న కొలత పుల్ల తీసుకుని ఒక్కో పంటికి ఆరుచోట్ల లోతు కొలిచాను. నేను అంకెలు చెబుతుంటే అసిస్టెంటు రాసుకుంటోంది. మూడులోపు ఉంటే మంచిదని ముందే చెప్పాను కనుక ఆవిడా శ్రద్ధగా వింది. "ఐదు, నాలుగు, ఆరు" అన్నప్పుడు కళ్ళు నావైపు తిప్పింది. వెనక దవడ పళ్ళ దగ్గర ఏడూ ఎనిమిదీ వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది. ఎక్స్‌రే ఫిల్ము చూపించి ఎముక గురించి ఎంత చెప్పినా కలగని భయం ఆ అంకెలు వింటే కలుగుతుంది. అందుకే గట్టిగా చదువుతాను.

షుగర్ మూడు నెలల సరాసరి (HbA1c) 9.8. తొమ్మిదేళ్ళలో కళ్ళు చూశారు, పాదాలు చూశారు, మూత్రంలో ప్రొటీను చూశారు. నోరు తెరవమన్నవాళ్ళు లేరట. "ఎవుల్రూ అడగనేదు."

నవంబరు 8, శుక్రవారం

నిన్నటి చార్టు మళ్ళీ చూశాను. 2018లో వచ్చిన చిగుళ్ళ జబ్బుల కొత్త వర్గీకరణలో జబ్బు ఎంత ముదిరిందో చెప్పేది స్టేజి, ఎంత వేగంగా ముదరబోతోందో చెప్పేది గ్రేడు. ఆ గ్రేడు మార్చే ప్రమాద కారణాలు రెండే పెట్టారు: పొగ, షుగర్. రోజుకి పది సిగరెట్లో అంతకు మించో తాగితే, లేదా మూడు నెలల సరాసరి 7గానీ అంతకు మించిగానీ ఉంటే, వేగంగా ముదిరే సి గ్రేడు. మిగతా కారణాలు లేవని కాదు, అంత బరువు వాటికి ఇవ్వలేదు.

ఆ 7 అనే గీత నాకు నచ్చుతుంది. షుగర్ ఉందా లేదా అని కాదు, అదుపులో ఉందా లేదా అని అడుగుతోంది. అమెరికా జాతీయ సర్వే లెక్కలతో 2002లో వచ్చిన విశ్లేషణలోనూ అదే తేలింది. సరాసరి 9 దాటినవాళ్ళలో చిగుళ్ళ జబ్బు తీవ్రంగా ఉండే అవకాశం షుగర్ లేనివాళ్ళకన్నా దాదాపు మూడు రెట్లు. అదుపులో ఉన్నవాళ్ళకీ షుగర్ లేనివాళ్ళకీ మధ్య గట్టిగా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. "షుగరొచ్చింది, ఇక పళ్ళు పోతాయి" అని చేతులెత్తేసి వచ్చేవాళ్ళకి ముందు ఈ ముక్క చెప్పాలి.

నవంబరు 14, గురువారం

ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ పుట్టినరోజు, ప్రపంచ మధుమేహ దినం. కల్యాణమండపంలో క్యాంపు. కళ్ళకొక బల్ల, పాదాలకొక బల్ల, బీపీకొక బల్ల. నన్ను ఎవరూ పిలవలేదు. అద్దం, టార్చీ పట్టుకుని వెళ్ళి చివర ఒక స్టూలు వేసుకున్నాను. రక్తం పరీక్ష దగ్గర లైను పెద్దది, విసుగొచ్చినవాళ్ళు నా దగ్గరికి వచ్చారు.

ఉపన్యాసకుడు దేశంలో 10 కోట్ల మందికి షుగర్ ఉందన్నాడు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే అంకె అది, సరిగ్గా చెప్పాలంటే 10.1 కోట్లు. షుగర్ అంచున ఉన్నవాళ్ళు ఇంకో 13.6 కోట్లు. ఆ నోళ్ళన్నీ చూడటానికి ఎన్ని స్టూళ్ళు కావాలో!

ఒక ఆటో డ్రైవరు. ముప్ఫై ఎనిమిదేళ్ళు, గుట్కా. ఎప్పుడూ ఎడమ బుగ్గలోనే దాస్తాడు. సరిగ్గా అక్కడే చిగురు కిందికి దిగిపోయి పంటి వేరు బయటపడింది. కుడివైపు అంత లేదు. అద్దంలో రెండూ చూపించాను. "అయితే ఇటు మార్సీమంటారా?" అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

తర్వాత బారువ వైపు నుంచి వచ్చిన ముసలమ్మ. చిగుళ్ళు గట్టిగా, పాలిపోయి ఉన్నాయి. నెత్తురు చుక్క లేదు. పై అంగిలి చూస్తే సంగతి అర్థమైంది. తెల్లగా మందం కట్టి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అడ్డపొగ. చుట్ట నిప్పు లోపలికి పెట్టి కాల్చడం మా తీరంలో ఆడవాళ్ళకి తరాల అలవాటు. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ వచ్చి, మనవాళ్ళతో కలిసి ఈ జిల్లాలో 10,169 మంది అంగిళ్ళు పరీక్షించి 1971లో ప్రచురించారు. అంగిలి క్యాన్సరు గురించి ఆ పని అందరికీ తెలుసు. చిగుళ్ళకి పొగ చేసే మోసం గురించి అంతగా మాట్లాడుకోం. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. లోపల ఎముక పోతున్నా పైకి నెత్తురు రాదు. నెత్తురు ఒక్కటే ఈ జబ్బు వేసే కేక అనుకుంటే, పొగ ఆ గొంతు నొక్కేస్తుంది. ఈ ముసలమ్మకి షుగర్ 280. ముందు అంగిలి ముక్క పరీక్షకి విశాఖ పంపాలి. కొడుకుతో మాట్లాడాను. "సూద్దుమండి" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు, ఫోన్ నంబరు తీసుకున్నాను.

నవంబరు 20, బుధవారం

కంప్రెసర్ పాడయింది. మెకానిక్ బ్రహ్మపురం నుంచి రావాలి. పేషెంట్లను రేపటికి మార్చి పాత కాగితాలు తీశాను.

హరాల్డ్ లో. నార్వే మనిషి. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హూస్‌లో 12 మందిచేత పళ్ళు తోముకోవడం మాన్పించాడు. మూడు వారాలు తిరిగేలోగా అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెడితే వారం పది రోజుల్లో తగ్గాయి. పాచే కారణమని అనుమానం లేకుండా తేలింది. తర్వాత ఆయనే శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కూలీలను 1970 నుంచి 15 ఏళ్ళపాటు చూశాడు. బ్రష్షూ లేదు, డాక్టరూ లేడు, అందరి నోటా అంతే పాచి. అయినా 8 శాతం మందికి జబ్బు దూకుడుగా ముదిరింది, 81 శాతానికి నెమ్మదిగా నడిచింది, 11 శాతానికి చిగురు వాపు దాటి ముందుకి పోలేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటేగానీ మన పేషెంట్లు అర్థం కారు. పాచి లేనిదే జబ్బు లేదు. కానీ ఎంత పాచికి ఎంత జబ్బు అన్నది ఆ ఒంటిని బట్టి ఉంటుంది. అదుపు తప్పిన షుగర్ ఆ ఒంటినే మార్చేస్తుంది. తెల్లకణాలు క్రిములను మింగడంలో వెనకబడతాయి, వాపును మాత్రం ఆపకుండా ఎగదోస్తాయి. చక్కెర అంటుకున్న ప్రొటీన్లు పేరుకుని చిగురులోని కొల్లాజెన్ బిరుసెక్కుతుంది, చిన్న రక్తనాళాలు మందమవుతాయి. తెగింది మానదు. లాలాజలం తగ్గి నోరెండితే పాచి ఇంకా పట్టుకుంటుంది.

1993లో ఇదే లో, మధుమేహం తెచ్చే చిక్కుల్లో చిగుళ్ళ జబ్బుని ఆరోదిగా లెక్కపెట్టాలని రాశాడు. కన్ను, కిడ్నీ, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండు, ఆ తర్వాత ఇది. ముప్ఫై ఏళ్ళు దాటినా క్యాంపులో ఆరో బల్ల వెయ్యలేదు మరి.

ఆయన ఆధారం చాలావరకు అరిజోనాలోని పీమా ఇండియన్ల మీద జరిగిన పరిశోధన. గిలా నది ఒడ్డు మనుషులు. నది నీళ్ళు ఎగువనే మళ్ళించేస్తే సొంత సాగు పోయి, సర్కారిచ్చే పిండీ కొవ్వూ తిని బతకాల్సి వచ్చినవాళ్ళు. టైప్-2 షుగర్ విపరీతంగా పెరిగింది. 1965 నుంచి ప్రతి ఇంటినీ పరీక్షిస్తూ వచ్చారు కాబట్టి చిగుళ్ళ లెక్కా దొరికింది. షుగర్ ఉన్నవాళ్ళలో ముప్పు మూడు రెట్ల దాకా. అంతకన్నా నన్ను ఆపేసింది 2005 నాటి కాగితం. షుగర్ ఉన్నవాళ్ళలోనే చిగుళ్ళ జబ్బు తీవ్రంగా ఉన్నవారు గుండెజబ్బుతోనో కిడ్నీజబ్బుతోనో పోయే ప్రమాదం మిగతావారికన్నా మూడు రెట్ల పైచిలుకు. చిగురు వల్లే పోయారని అందులో లేదు, నేనూ అనను.

నవంబరు 28, గురువారం

జీడి ఫ్యాక్టరీ ఆవిడకి లోతు క్లీనింగ్ రెండో సగం అయింది. మత్తిచ్చి, చిగురు కిందకి వెళ్ళి గార గీకడం. "గార తీస్తే పళ్ళూడిపోతాయని మా అప్ప సెప్పింది" అంది. ప్రతి వీధిలోనూ ఒక అప్ప ఉంటుంది. గార పట్టుకుని నిలబెట్టిన పళ్ళు ముందే ఊగుతుంటాయి, గార తీశాక ఊగడం బయటపడుతుంది. నింద క్లీనింగ్ మీద పడుతుంది.

లోపలి పుండు ఎంతుంటుందని అడిగింది. జబ్బు బాగా ముదిరితే అరచెయ్యంత అని అందరం చెబుతూ ఉంటాం. అది అతిశయమే. లెక్కగట్టినవాళ్ళు 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లన్నారు. అగ్గిపెట్టె పైభాగాన్ని చూపించాను. "అంత పుండు కాలు మీదుంటే పన్లోకి రానిస్తారా?" అంది తనే.

నొప్పికి మాత్ర రాయబోతూ అడిగాను, కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించావని. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం మనిషి. ఇక్కడ ఆ ప్రశ్న అడక్కుండా నొప్పి మాత్ర రాయకూడదు. పారాసెటమాల్ చాలు.

డిసెంబరు 3, మంగళవారం

రిటైరైన హెడ్మాస్టరు గారు. షుగర్, బీపీ. రోజుకి రెండుసార్లు తోముకుంటారు, పొగ లేదు, పానం లేదు. "మాష్టారూ, మీకు రావలసింది కాదే" అనబోయి ఆగాను. చిగుళ్ళు ఉబ్బి సగం పళ్ళ మీదికి పాకాయి. మందుల చీటీ చూస్తే ఆమ్లోడిపిన్, పదేళ్ళుగా. ఆ జాతి బీపీ మందులు కొందరిలో చిగుర్లను పెంచుతాయి. పాచి తోడైతే ఇంకా ఎక్కువ. ఉబ్బిన చిగురు కింద బ్రష్ అందదు, అందని చోట పాచి, పాచి ఉన్నచోట వాపు. షుగర్ సరాసరి 8.9, దాని వాటా దానిది.

మందు ఆపెయ్యవద్దని మూడుసార్లు చెప్పాను. ఆయన బడి పద్ధతిలో నాచేత కాగితం మీద రాయించుకున్నారు. బీపీ డాక్టరు గారికి వేరే చీటీ, వీలైతే మందు మార్చగలరా అని.

తోముకునే తీరు చూపించమన్నాను. రంపం కోసినట్టు అడ్డంగా, పూర్తి బలంతో. బ్రష్‌ని చిగురూ పన్నూ కలిసేచోట వాలుగా ఆనించి మెల్లగా కదపాలి. పళ్ళ సందుల్లోకి అసలు ఏ బ్రష్షూ పోదు, దానికి సందు బ్రష్ వేరే ఉంది. వేపపుల్ల మంచిదేనా అని ఆయన అడిగారు. ముందు పళ్ళకి పరవాలేదు, వెనక దవడ లోపలివైపు పుల్ల తిరగదు. ఇటుక పొడి, బొగ్గు, కచిక మాత్రం వద్దు.

డిసెంబరు 12, గురువారం

ఏడో నెల గర్భిణి, గర్భంలో వచ్చిన షుగర్. చిగురు మీద ఎర్రటి బుడిపె, ముట్టుకుంటే నెత్తురు. కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ వైద్యం చేయించకూడదని అత్తగారు గుమ్మంలోనే అడ్డుపడింది. చేయించవచ్చని, మధ్య మూడు నెలలు అన్నిటికన్నా వీలైన కాలమని, అది ఇప్పుడే దాటుతోందని చెప్పి ఒప్పించాను. పాచి తీసి పంపాను. బుడిపె కాన్పయ్యాక దానంతటదే కుంచించుకుపోవచ్చు.

డిసెంబరు 19, గురువారం

జీడి ఫ్యాక్టరీ ఆవిడని ఏం తింటున్నావని అడిగాను. ఇదివరకు చోడి అంబలి, ఉలవలు, పచ్చి ఉల్లిపాయ, దోసకాయ ముక్కలు. పళ్ళు ఊగడం మొదలయ్యాక మెత్తగా ఉడికిన తెల్లన్నం, చారు, టీలో బిస్కెట్టు. ఎవరూ మానమనలేదు, నమలలేక మానేసింది. షుగర్ చిగుర్ని తింటే, చిగురు పోయి పథ్యాన్ని తినేసింది. ఆవిడ షుగర్ డాక్టరు ప్రతిసారీ "అన్నం తగ్గించు" అని రాస్తున్నారు, ఎందుకు తగ్గదో ఆయనకి తెలిసే దారి లేదు.

వాపు వైపు నుంచి మరో దారి కూడా ఉంది. చిగుర్లో పుట్టిన వాపు రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. షుగర్ డాక్టర్లకి చెప్పదగ్గది ఇదే. ఇవాళ సాయంత్రం మా వీధిలోని ఆయన్ని కలిసి చెప్పాను. "ఎంత తగ్గుతుందమ్మా, అంకె చెప్పు" అన్నారు. 2022 కాక్రేన్ సమీక్ష ప్రకారం మూడు నాలుగు నెలలకి సరాసరి 0.4 శాతం పైన. "ఒక మాత్ర కలిపితే వచ్చేంత" అన్నారు, కాస్త తేలిగ్గానే. 2013లో అమెరికాలో 514 మంది మీద జరిగిన పరీక్షలో ఏమీ తగ్గలేదని కూడా నేనే చెప్పాను. అందులో క్లీనింగ్ తర్వాత కూడా చిగుళ్ళు సరిగ్గా మానలేదని విమర్శ ఉంది. అయినా దాచిపెట్టి వాదించడం నాకు ఇష్టం ఉండదు. దాంతో ఆయన కుర్చీలో ముందుకి జరిగి విన్నారు.

ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయన మూడే ప్రశ్నలు అడుగుతారు: తోముకుంటే నెత్తురొస్తుందా, పళ్ళు ఊగుతున్నాయా లేక సందులు వచ్చాయా, పొగాకు ఉందా. ఒక్కదానికి అవునన్నా నా దగ్గరికి. నెత్తురు లేదన్నా పొగాకు ఉంటే పంపాల్సిందే. నా కుర్చీలో చీము గడ్డలు మళ్ళీమళ్ళీ కనబడిన ప్రతి మనిషికీ నేను షుగర్ పరీక్ష రాస్తాను.

జనవరి 17, 2025, శుక్రవారం

పండగ అయింది. క్లినిక్ నిండా అరిసెల ఫలితం. ఒక్కొక్కరూ "ఒక్కటే తిన్నానమ్మా" అంటారు.

ముసలమ్మ కొడుకుకి మళ్ళీ ఫోన్ చేశాను. ఎట్టకేలకు విశాఖ తీసుకెళ్ళాడట. అంగిలిలో క్యాన్సరు లేదు, కానీ అడ్డపొగ మానకపోతే మళ్ళీ చూడాలన్నారట. మానిందా అంటే ఫోను ఆమెకే ఇచ్చాడు. "తిన్నగా కాలుస్తున్నానమ్మా ఇప్పుడు" అంది. నిప్పు బయటికి తిరిగింది, చుట్ట మాత్రం పోలేదు.

ఆటో డ్రైవరు రాలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

జీడి ఫ్యాక్టరీ ఆవిడ కొలతలు. ఎనిమిదులు ఐదుకి వచ్చాయి, ఆరులు చాలావరకు మూడూ నాలుగూ. రెండు దవడ పళ్ళు నిలవవు, తీసేయాలి. పీకితే చూపు మందగిస్తుందని భయపడింది. పంటి వేరుకీ కంటి నరానికీ సంబంధం లేదని, కళ్ళకి ముప్పు షుగర్ నుంచేనని చెప్పాను. ముందు పళ్ళు వెనక్కి వెళ్ళవు. పోయిన ఎముక తిరిగి రాదని మొదటిరోజే చెప్పాను కాబట్టి అడగలేదు.

సరాసరి 9.8 నుంచి 8.9. మా వీధి డాక్టరు డిసెంబరులో మాత్ర మోతాదు పెంచారు, ఈవిడ మళ్ళీ ఉలవలు తింటోంది, చిగుళ్ళు మానాయి. ఇందులో నా వాటా ఎంతో విడదీసి చెప్పలేను. ఆయన ఫోన్ చేసి "నీ వాటా ఒప్పుకుంటాను గానీ మాత్ర వాటా కూడా ఒప్పుకో" అన్నారు. ఒప్పుకున్నాను.

హెడ్మాస్టరు గారికి బీపీ మందు మార్చారు. ఉబ్బు కొంత దిగింది, మిగతాది వేసవి సెలవుల్లో మనవలు వచ్చేలోగా కోసి సరిచేయమంటున్నారు. ముందు తన 8.9 సరాసరి తగ్గించుకు రమ్మన్నాను. సందు బ్రష్ తెచ్చి చూపించారు, పాలిథీన్ కవర్లో జాగ్రత్తగా చుట్టి. వారం వారం మార్చాలని చెప్పాను. "దీని ఖరీదెంతో తెలుసా అమ్మా" అన్నారు. తెలుసు. ఫ్యాక్టరీ ఆవిడకి కొనలేని ఖరీదు. ఆవిడకి ఒకే బ్రష్ కడిగి ఆరబెట్టుకుని, వెంట్రుకలు వంగేదాకా వాడమన్నాను. మాష్టారికీ అదే చెప్పి వుండాల్సింది కదా అని అసిస్టెంటు నవ్వింది. ఆయనకి పెన్షను వస్తుంది, కొననీ.

మార్చిలో తిరిగి పిలవాల్సినవాళ్ళ జాబితా రాయమన్నాను. షుగర్ ఉన్నవాళ్ళందరికీ ఆరు నెలలు కాదు, మూడు నెలలకే.